కంప్యూటరు రక్షణ: ఇరువది యేండ్ల వారపు ప్రసంగములు

రోగము వచ్చిన పిదప మందు వెదకుట లోకములో సామాన్యము. కాని మందు ముందుగనే సిద్ధమై, వెల లేక అందరికిని దొరకుచుండియు రోగము వ్యాపించినచో లోపము ఎక్కడ ఉన్నట్లు? కంప్యూటరుల చరిత్రలో ఈ ప్రశ్న పలుమారులు పుట్టినది. దానిని ఎదుర్కొనుటకు 2005వ సంవత్సరమున అమెరికాలో ఇద్దరు ఒక చిన్న పని ప్రారంభించిరి. వారమునకొకమారు కూర్చుండి, ఆ వారములో కంప్యూటరుల రక్షణకు సంబంధించి ఏమి జరిగినదో, ఎందుకు జరిగినదో వినువారికి అర్థమగునట్లు మాటలాడుటయే ఆ పని. "సెక్యూరిటీ నౌ" అను ఆ ప్రసంగమాలకు 2025 ఆగస్టుతో ఇరువది యేండ్లు నిండినవి. ప్రసంగముల సంఖ్య వేయి దాటినది. దాని కథకు ముందు, అట్టి ప్రసంగముల అవసరము ఎట్లు కలిగినదో తెలిసికొనుట మంచిది.

నిండి పొర్లిన కుంచము

కంప్యూటరు తనంతట తాను ఏదియు చేయదు. మనుష్యులు వ్రాసిన ఆజ్ఞల వరుస ప్రకారము నడచును. ఈ వరుసకే ప్రోగ్రాము అని పేరు. మనుష్యులు వ్రాసినది గనుక అందులో తప్పులుండును. వానిలో ఒక జాతి తప్పును ఉదాహరణముగ తీసికొందము.

కుంచము పట్టు పాత్రలో రెండు కుంచముల వడ్లు పోసినచో మిగిలినవి ప్రక్కనున్న పాత్రలో పడును. సమాచారమును దాచుకొను కంప్యూటరు గదులలోను ఇట్లే జరుగవచ్చును. ఒకరి పేరు దాచుటకు 16 అక్షరముల చోటు కేటాయించి, వచ్చిన పేరు ఎంత పొడవున్నదో కొలువకయే ప్రోగ్రాము దానిని లోనికి తీసికొనినదనుకొందము. ఎవడైన 500 అక్షరములు పంపినచో అవి ప్రక్క గదులలోనికి పొర్లును. కంప్యూటరు తరువాత చేయవలసిన పని ఎక్కడ వ్రాయబడి యున్నదో తెలుపు గుర్తు ఆ ప్రక్క గదిలో ఉండవచ్చును. పొర్లిన అక్షరములు ఆ గుర్తును చెరిపి, పంపినవాని ఆజ్ఞల వైపు త్రిప్పినచో, యంత్రము ఒకరిది, పెత్తనము మరియొకరిది అగును.

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఇంటర్నెట్టులో విడిచిన ప్రోగ్రాము వాడుకొనిన తప్పులలో ఇదియు ఒకటి. నాడు ఇంటర్నెట్టునకు కలుపబడిన కంప్యూటరులు సుమారు 60,000. వానిలో 6,000 వరకు దీని వాతబడినవని ఒక అంచనా. మనుష్యుని సాయము లేకయే ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకిపోవు ఇట్టి ప్రోగ్రామును "పురుగు" అందురు. తప్పును దిద్దుటకై ప్రోగ్రాము వ్రాసినవారు పంపు సవరణను "అతుకు" అందురు. మోరిస్ పురుగు కలిగించిన కలవరము చల్లారకముందే అమెరికా ప్రభుత్వము పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఒక సహాయ కేంద్రమును స్థాపించెను. లోపముల వార్తలను సేకరించి నలుగురికి తెలియజేయుట దాని పని. మన దేశమున ఇట్టి కేంద్రము 2004 జనవరిలో ఏర్పడినది.

తరుగుచు వచ్చిన గడువు

ఇక అతుకు వెలువడిన దినమునకును, ఆ లోపమునే ఆధారము చేసికొని పురుగు వెలువడిన దినమునకును మధ్యనున్న గడువును గమనింతము.

మైక్రోసాఫ్ట్ సంస్థ తన సమాచార భాండాగారపు ప్రోగ్రామునకు 2002 జులై 24న ఒక అతుకు విడుదల చేసెను. ఆ లోపముపై "స్లామర్" అను పురుగు 2003 జనవరి 25న వచ్చెను. గడువు 185 దినములు. ఈ పురుగు పొడవు 376 బైట్లు మాత్రమే. అన్ని అక్షరములు ఒక పోస్టుకార్డుపై పట్టును. అయినను మొదటి నిమిషములో దీని బారిన పడిన యంత్రముల సంఖ్య ప్రతి ఎనిమిదిన్నర సెకనులకు రెట్టింపయినది. పట్టుబడదగిన యంత్రములలో నూటికి తొంబది పది నిమిషములలో పట్టుబడినవి. అమెరికాలో కొన్ని బ్యాంకు యంత్రములు డబ్బు ఇచ్చుట మానినవి. మందు ఆరు నెలలుగ అందుబాటులో ఉన్నను ఇంత జరిగినది.

అదే సంవత్సరము జులై 16న మరియొక అతుకు వచ్చెను. దాని లోపముపై ఆగస్టు 11న "బ్లాస్టర్" పురుగు వచ్చెను. గడువు 26 దినములు. 2005 ఆగస్టు 9న ఇంకొక అతుకు వచ్చెను. 14వ తేదీకే "జోటోబ్" పురుగు బయలుదేరెను. గడువు అయిదు దినములు! అమెరికాలోని పెద్ద వార్తాసంస్థల కంప్యూటరులే దీని వలన మూలబడినవి.

గడువు ఇట్లు తరుగుటకు ఒక కారణము కలదు. అతుకు విడుదలయినంతనే, పాత ప్రోగ్రామును క్రొత్త దానితో పోల్చి చూచినవారికి ఎక్కడ ఏమి మారినదో తెలియును. మారిన చోటనే లోపమున్నదని ఊహించుట కష్టము కాదు. అనగా మందు చీటియే శత్రువునకు రోగి బలహీనతను తెలుపుచున్నది. 2003 అక్టోబరునుండి మైక్రోసాఫ్ట్ సంస్థ తన అతుకులను ప్రతినెల రెండవ మంగళవారమున విడుదల చేయు పద్ధతి పెట్టెను. జాగ్రత్తపరులకు ఆ దినము జ్ఞాపకముంచుకొనుట సులభమయినది. దొంగలకును అట్లే అయినది. పూర్వము నెలకొకమారు చదువుకొనిన సరిపోయిన విషయమును వారమునకొకమారైన తెలిసికొనవలసిన కాలము వచ్చినది.

ఇద్దరు మనుష్యులు

జోటోబ్ పురుగు ప్రాకుచున్న ఆ వారముననే "సెక్యూరిటీ నౌ" మొదటి ప్రసంగము వెలువడెను. దాని విషయము ఆ పురుగే.

ప్రసంగించువాడు స్టీవ్ గిబ్సన్. 1955లో జన్మించిన ఇతడు కాలిఫోర్నియాలో చిన్న సంస్థ నడుపుచు, కంప్యూటరులలో సమాచారము దాచు పళ్లెరములను పరీక్షించి బాగుచేయు ప్రోగ్రామును వ్రాసి పేరు పొందెను. ఒక కంప్యూటరు పత్రికలో ఎనిమిదేండ్లపాటు వారము వారము వ్యాసములు వ్రాసెను. ప్రశ్నించువాడు లియో లపోర్ట్. ఇతడు రేడియోలోను, టెలివిజనులోను కంప్యూటరులను గూర్చి సామాన్యులకు చెప్పుటలో అనుభవము గలవాడు. ఒకడు పాఠము చెప్పగా రెండవవాడు తరగతిలోని విద్యార్థి అడుగదగిన ప్రశ్నలు అడుగును. మన పురాణ కాలక్షేపములలో కథకుని ప్రక్క శ్రోత యొకడు కూర్చుండి సందేహములు అడుగు పద్ధతి వంటిదే ఇదియు.

గిబ్సనుకు ఈ విషయమున స్వానుభవము కలదు. 2001 మే నెలలో అతని సంస్థ కంప్యూటరులపై ఒక దాడి జరిగెను. ఏకకాలమున లెక్కకు మించిన సందేశములు వచ్చిపడి, అసలు సందర్శకులకు దారి లేకపోయెను. అతడు ఆ సందేశములను పరిశీలించి, అవి 474 కంప్యూటరులనుండి వచ్చుచున్నవని కనుగొనెను. అవి ఇండ్లలోను, కార్యాలయములలోను ఉన్న సామాన్య యంత్రములు. తమ యంత్రములు ఒకరిపై దాడి చేయుచున్నవని వాని యజమానులు ఎరుగరు. వానిని దూరమునుండి ఆడించినవాడు తనకు పదుమూడేండ్లని చెప్పుకొనెను. గిబ్సన్ ఈ వృత్తాంతమునంతను వ్రాసి ప్రకటించెను. ఒకరి అజాగ్రత్త మరియొకరికి ముప్పు అగుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

వారెన్నుకొనిన సాధనము నాటికి క్రొత్తది. ధ్వనిని ఫైలుగ నిలువచేసి, కోరినవారి యంత్రమునకు దానంతట అదియే చేరునట్లు ఏర్పాటు చేసినచో, వినువాడు తన తీరిక వేళ వినవచ్చును. ఇట్టి ప్రసారమునకు "పాడ్‌కాస్టు" అను పేరు 2004లో పుట్టెను. 2005 జూనులో ఆపిల్ సంస్థ తన పాటల ప్రోగ్రాములో దీనికి చోటిచ్చిన పిదప ఇది ఎక్కువమందికి తెలిసెను. రెండు నెలలకే "సెక్యూరిటీ నౌ" ప్రారంభమయ్యెను.

పాఠము చెప్పు తీరు

ప్రతి వారము తాజా వార్తలు, శ్రోతల ఉత్తరములు, ఒక ముఖ్య విషయము, ఇది సాధారణముగ ప్రసంగపు వరుస. అయితే వార్త అర్థము కావలెననిన పునాది తెలియవలెను గదా! అందుచేత 2006లో ఇంటర్నెట్టు పనిచేయు విధమును, రహస్యలిపి శాస్త్రమును గూర్చి వరుస పాఠములు చెప్పిరి. 2010లో ఒక కంప్యూటరును మొదటినుండి ఊహించి నిర్మించునట్లుగ, దాని అంగములు ఒక్కొక్కటి ఏల అవసరమో వివరించు ప్రసంగములు చేసిరి. తప్పు ఎక్కడ జరిగినదో చెప్పుట వార్త. అట్టి తప్పు జరుగుటకు ఎట్లు వీలైనదో చెప్పుట పాఠము.

మరియొక మంచి ఏర్పాటు కూడ కలదు. గిబ్సన్ తన ఖర్చుతో ప్రతి ప్రసంగమును మాట మాటయు వ్రాయించి, ఎవరైనను చదువుకొనుటకు ఉచితముగ ఉంచెను. ఇంటర్నెట్టు వేగము తక్కువగ ఉన్నవారికై చిన్న ధ్వని ఫైలును కూడ వేరుగ తయారు చేసెను. ఆంగ్లము చెవితో పట్టుకొనుట కష్టమైన మన విద్యార్థులకు వ్రాతప్రతి ఎంత ఉపకారియో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

వ్రాతప్రతి ఉన్నందున ఒక చిక్కును కలదు. చెప్పినదెల్ల నిలిచియుండును, పొరపాటు కూడ నిలిచియుండును. 2005 డిసెంబరులో విండోస్ ప్రోగ్రాములో ఒకజాతి చిత్రముల ఫైలు ద్వారా యంత్రమును వశపరచుకొను లోపము బయటపడెను. 2006 జనవరిలో గిబ్సన్ ఆ లోపమును పరీక్షించి, దానిని ఎవరో కావలెననియే ఉంచిన దొడ్డిదారిగ అనుమానించి, ఆ మాట ప్రసంగములో చెప్పెను. మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని ఖండించెను. ఇతర నిపుణులు కూడ పరిశీలించి, యంత్రములు ఒకదానితో ఒకటి కలియని కాలపు రూపకల్పనయే ఇందుకు కారణమని తలచిరి. ఆ ప్రసంగము నేటికిని వరుసలో తన సంఖ్యతోనే ఉన్నది. శాస్త్రవిషయములు బోధించువాడు ఎప్పుడును పొరపడనివాడు కానక్కరలేదు. తన లెక్కను పదిమంది సరిచూచుటకు వీలుగ పలకపై ఉంచువాడైన చాలును.

సూచన వేరు, బోధన వేరు

2017లో పాత ప్రశ్న మరల ఎదురయ్యెను. మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక లోపమునకు అతుకు విడుదల చేసెను. మే 12న "వన్నాక్రై" అను పురుగు బయలుదేరి, పట్టిన యంత్రములలోని ఫైళ్లకు తాళము వేసి, తాళపుచెవికి వెల అడిగెను. గడువు 59 దినములు. 150కి పైగా దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటరులు పట్టుబడినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటరులు కూడ కొన్ని ఇందులో చిక్కుకొనినవి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలకు పెద్ద దెబ్బ తగిలెను. కొన్నిచోట్ల అత్యవసర రోగులను వేరు వైద్యశాలలకు పంపవలసి వచ్చెను. 19,000కు పైగా వైద్య నియామకములు రద్దయి యుండునని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ కార్యాలయము అంచనా వేసెను.

ఆ కార్యాలయపు నివేదికలో గమనింపదగిన అంశమొకటి కలదు. అతుకు వేసికొనుడని మార్చి, ఏప్రిలు నెలలలో వైద్యశాలలకు సూచనలు వెళ్లినవి. కాని ఆ సూచనలను పాటించినదెవరో, పాటించనిదెవరో తెలిసికొను నియత పద్ధతి పై శాఖలో లేకపోయెను. మందు ఉన్నది, వార్త చేరినది, అయినను పని జరుగలేదు. 2005లో అయిదు దినములకు దిగిన గడువు ఇక్కడ 59 దినములున్నను చాలకపోయెను. కావున వేగము ఒక్కటియే సమస్య కాదు. "ఇది చేయుడు" అనునది సూచన. "ఇది చేయనిచో ఈ విధముగ ఈ నష్టము కలుగును" అనునది బోధన. కారణమెరుగనివాడు పని రేపటికి త్రోయును. ఇల్లు కాలుచుండగ బావి త్రవ్వుట అనుదానికి ఇదియే మూలము.

"1" అను ప్రసంగము

2022లో గిబ్సనుకే ఒక పరీక్ష వచ్చెను. నేడు ఒక్కొక్కరికి పదుల కొలది పాస్‌వర్డులు ఉండును. వానినన్నిటిని ఒక పెట్టెలో దాచి, ఆ పెట్టెకు ఒకే ముఖ్య పాస్‌వర్డు పెట్టు ప్రోగ్రాములు కలవు. అట్టిదైన "లాస్ట్‌పాస్" ను గిబ్సన్ 2010లో పరిశీలించి, మంచిదని శ్రోతలకు చెప్పెను, తానును వాడెను. ఆ సంస్థ ప్రకటనలు లపోర్ట్ ప్రసారసంస్థలో కూడ వచ్చుచుండెడివి. దొంగలు తన ఖాతాదారుల పెట్టెల నకళ్లను ఎత్తుకొనిపోయిరని 2022 డిసెంబరులో ఆ సంస్థ వెల్లడించెను.

పెట్టెలకు తాళము ఉన్నది. కాని నకలు చేతనున్న దొంగ ముఖ్య పాస్‌వర్డును ఊహించి, ఒకటి తరువాత ఒకటి ప్రయత్నించుచు కూర్చుండవచ్చును. దీనికి విరుగుడుగ ఒక ఉపాయము కలదు. ముఖ్య పాస్‌వర్డును ఒక గణిత ప్రక్రియకు లోబరచి, వచ్చిన ఫలితమును మరల అదే ప్రక్రియకు లోబరచి, ఇట్లు వేలమారులు త్రిప్పి, కడపటి ఫలితముతో తాళపుచెవి తయారు చేయుదురు. యజమాని దినమునకొకమారు తెరచును గనుక అతనికి ఆ ఆలస్యము తెలియదు. దొంగ కోట్ల ఊహలు పరీక్షింపవలెను గనుక ఒక్కొక్క ఊహకు ఆ శ్రమయంతయు పడవలెను. తిరుగుడుల సంఖ్య 1,00,100 అయినచో, 5,000 అయినదానికంటె దొంగకు ఇరువది రెట్లు శ్రమ.

క్రొత్త ఖాతాలకు ఆ సంఖ్య 1,00,100గ ఉన్నది. పాత ఖాతాదారులు కొందరికి మాత్రము వారు చేరిననాటి సంఖ్యయే మిగిలిపోయెను. గిబ్సన్ కోరికపై శ్రోతలు తమ ఖాతాలు తెరచి చూచి వ్రాసిరి. కొందరికి 5,000, కొందరికి 500. కొందరికి 1! వారి పెట్టెకు రక్షణ లక్ష రెట్లు తగ్గినదన్నమాట. ఆ వారపు ప్రసంగమునకు శీర్షిక "1" అను అంకె మాత్రమే. అంతకు ముందటి వారము, అనగా 2023 జనవరి మొదటి వారమున, తాను లాస్ట్‌పాస్ విడిచిపెట్టుచున్నానని అతడు చెప్పి యుండెను. తన సలహా విని చేరినవారికి తానే ఎందుకు విడువవలెనో లెక్కతో సహా వివరించెను. ఆ లెక్కను హైస్కూలు విద్యార్థి కూడ భాగాహారముతో సరిచూచుకొనగలడు.

వేయవ ప్రసంగము, మన తరగతి గది

999వ ప్రసంగముతో ముగింతునని గిబ్సన్ చాలకాలము చెప్పుచు వచ్చెను. శ్రోతలు వలదనిరి. 2023లో అతడు మనసు మార్చుకొనెను. 2024 నవంబరులో వేయవ ప్రసంగము వెలువడెను. ఇరువది యేండ్లలో ప్రోగ్రాములు మారినవి, పురుగుల పేర్లు మారినవి. కొలువక పోసిన కుంచము వంటి తప్పులు మాత్రము నేటికిని దొరకుచునే యున్నవి. అందుచేతనే పాఠము ముగియలేదు.

ఈ ప్రసంగములకు ఒక హద్దు కలదు. అవి వినగోరినవారికే చేరును. వైద్యశాలలో రోగుల పేర్లు వ్రాయు గుమాస్తాకును, ఠాణాలో ఫిర్యాదు వ్రాయు ఉద్యోగికిని, ఫోనులో డబ్బు పంపు రైతునకును అవి చేరవు. వారి పిల్లలు మన బడులలో ఉన్నారు. ఆ పిల్లలకు చెప్పినది సాయంకాలమునకు ఇల్లు చేరును.

ఉపాధ్యాయులు చేయదగిన చిన్న ప్రయోగము ఒకటి చెప్పి ముగింతును. నాలుగంకెల రహస్యసంఖ్యలు ఎన్ని ఉండగలవో విద్యార్థులను లెక్కింపుమనవలెను: 10,000. ఆరంకెలకు పది లక్షలు. సెకనుకొకటి చొప్పున పరీక్షించు దొంగకు మొదటిదానికి మూడు గంటలైనను పట్టవు. రెండవదానికి పదునొకండు దినములు దాటును. సెకనుకు పది లక్షలు పరీక్షించు యంత్రమునకో, రెండును ఒక్క సెకనులో ముగియును. అప్పుడు పొడవైన పాస్‌వర్డు ఎందుకో, అతుకు వచ్చిన దినముననే ఎందుకు వేసికొనవలెనో వారే అడుగుదురు. తరువాతి వారము అక్కడినుండి పాఠము సాగింపవచ్చును.